పురుగుల గది సుంకమ్మ

సుంకమ్మ గారు ఇక లేరు.

మొన్న మధ్యాహ్నం కళాశాలలో విద్యార్థుల జవాబుపత్రాలు దిద్దుతూ ఉండగా మస్తాన్ ఫోన్ చేశాడు. ఒకప్పుడు మా పరిశోధన కేంద్రంలో జీపు నడిపినవాడు. కుశల ప్రశ్నలేవీ లేకుండా, "సుంకమ్మ పోయినాదంట సార్. పూడ్సిపెట్టి మూడు దినాలైంది. మీకు ఎవురన్నా చెప్పినారో లేదో అని చేసినా" అన్నాడు. నేను ఏదో అడిగాను, అతడేదో చెప్పాడు. ఆ సంభాషణలో ఇంకేమీ నాకు గుర్తు లేదు. ఆ రోజు నన్ను కమ్ముకొన్న దిగ్భ్రాంతిలో దుఃఖం కంటె భయం పాలు ఎక్కువ. ఆమె బ్రతికి ఉండగా చేసి తీరవలసిన పని ఒకటి నేను చేయలేదు. ఇక చేసినా ఆమె చూడదు.

ఈ పత్రిక చదివే సస్యరక్షణ శాస్త్రజ్ఞులలో చాలామందికి ఆమె పేరు తెలియదు. కాని తొంభైల చివరి నుంచి దాదాపు తొమ్మిదేళ్ల పాటు కాయతొలుచు పురుగు మీద పరిశోధన చేసినవారిలో అనేకులు ఆమె పంపిన గుడ్లతోనే పని మొదలుపెట్టారు. ఆవగింజలో పావు వంతు లేని తెల్లని గుడ్లు. గుడ్డముక్కలకు అంటుకొని, మూత బిగించిన డబ్బాలలో, మా అనంతపురం కేంద్రం నుంచి రైలెక్కి పోయేవి. డబ్బా మీద మా అధికారి సంతకం ఉండేది. మీ పత్రాల చివర మీరు మా కేంద్రానికి కృతజ్ఞతలు చెప్పారు. నా పత్రాలలో నేను మా అధికారికి చెప్పాను. ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకంటె పదేళ్లు పెద్దదైన మనిషిని, ఆమె దినకూలి గనుక, నేను అన్నాళ్లూ 'నువ్వు' అనే పిలిచాను. ఇవాళ పేరు చివర 'గారు' చేర్చి రాస్తున్నాను. వింటే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వి ఉండేది.

ఆమెను మొదటిసారి చూసింది బెళుగుప్ప దగ్గర ఒక కంది చేలో. మార్గశిర మాసం. ఆ ఏడు వేరుశనగ ఎండిపోయింది. సాళ్ల మధ్య వేసిన కంది మాత్రం లోతుకు వేళ్లు దింపి నిలబడి, కాయ పట్టే వేళకు పురుగు పాలైంది. ఆడవాళ్లు చెట్లను వంచి పాత చీరల మీదికి దులుపుతున్నారు. పచ్చగా, గోధుమరంగుగా పురుగులు వాన చినుకుల్లా రాలుతున్నాయి. మాకు కావలసినవి అవే. ప్రయోగశాలలో సంతతి పెంచడానికి మా అధికారీ నేనూ డబ్బాలు పట్టుకొని వెళ్లాము. ఎదుట కనిపించినవన్నీ నేను ఏరి వేస్తూ ఉంటే, చెట్టు దులుపుతున్న ఒకామె వచ్చి నా డబ్బాలోకి తొంగిచూసి, రెండు వేళ్లతో కొన్నింటిని తీసి పారేసింది. నాకు కోపం వచ్చింది. ఎందుకు పారేస్తున్నావని అడిగాను.

"వీటి మెడ మీద తెల్లసుక్క ఉండాది సూడప్పా. ఇవి తీసుకపోతే నీకు ఈగలొస్తాయి, పురుగులు రావు" అన్నది.

పురుగు మెడ మీద గుడ్డు పెట్టి, దాన్ని లోపలినుంచి తినివేసే ఈగ ఒకటి ఉన్నదని నేను విశ్వవిద్యాలయంలో చదువుకొన్నాను. చేలో నా కంటికి ఒక్కటీ కనిపించలేదు. ఐదో తరగతితో బడి మానేసిన ఆ మనిషి ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది. మా అధికారి మహా సూక్ష్మగ్రాహి. ఆ సంగతి ఒప్పుకోవాలి. మరుసటి వారమే ఆమెను పనిలోకి పిలిపించాడు. భర్త బళ్లారి వైపు మిరప కోతలకు పోయి అక్కడే మరో సంసారం పెట్టుకొన్నాడు. కూతురు వన్నూరమ్మను వెంటబెట్టుకొని ఆమె మా కేంద్రం పక్క ఊళ్లో ఒక గది తీసుకొన్నది.

మా పురుగుల గదికి కిటికీలు ఉన్నా లేనట్టే. ఉన్న రెండింటికీ సన్నని వల కొట్టి, మీద అట్టలు అతికించారు. శనగపిండితో చేసిన మేత గిన్నెలలో పోసి, గిన్నెకొక పురుగు చొప్పున వేయాలి. రెండింటిని కలిపి వేస్తే పెద్దది చిన్నదాన్ని తినేస్తుంది. అప్పుడే పొదిగిన పిల్లలను, కంటికి ఆననంత చిన్నవాటిని, ఉడుత వెంట్రుకల కుంచెతో ఎత్తి ఆకు మీద దించాలి. నా చేతిలో పదింట నాలుగు నలిగిపోయేవి. ఆమె చేతిలో ఒక్కటి నలగడం నేను చూడలేదు. ప్రొద్దున గదిలోకి రాగానే పురుగును చూసేది కాదు; గిన్నె అడుగున పడిన రెట్ట చూసేది. అదేమిటని అడిగితే, "పసిబిడ్డయినా పురుగయినా కిందనే సూడల్ల సార్. రోగం ముందు ఆడ తెలుస్తాది" అనేది. గిన్నెలు కడగకుండా వెళ్లబోయిన ఒక పరిశోధక విద్యార్థిని ఒకసారి ఆపి, నీ పట్టా నీళ్లలో కడుక్కున్నా పరవాలేదు గాని గిన్నె మాత్రం ఉప్పునీళ్లలో కడగల్ల అన్నదట. అతడు ఫిర్యాదు చేస్తే ఆమెకే మందలింపు వచ్చింది.

మేము చేస్తున్న పని ఏమిటో ఆమెకు నేనే చెప్పాను. మట్టిలో బ్రతికే ఒక సూక్ష్మజీవి తనలో ఒక మాంసకృత్తును తయారుచేసుకొంటుంది. అది పురుగు కడుపులో పడితే పేగుకు తూట్లు పొడుస్తుంది. మనిషికి ఏమీ కాదు. ఆ మాంసకృత్తును తయారుచేయించే జన్యువును కంది మొక్కలోకి ఎక్కించగలిగితే, ఆ మొక్క తన్ను తాను కాపాడుకొంటుంది. ఆమె విని, మందు డబ్బాలో కాకుండా ఆకులోనే ఉంటుందన్నమాట అన్నది. అంతే అన్నాను. మరి ఆ ఆకు మేక తింటే, పూవు తేనెటీగ తాకితే, పప్పు మా బిడ్డ తింటే అని అడిగింది. పరీక్షలు జరగాలి, ఇప్పుడే చెప్పలేము, అందుకే గింజ కూడా మొక్కల చుట్టూ కట్టిన వల దాటి బయటికి పోకూడదు అన్నాను. ఆ మాట ఆమె నాకంటె గట్టిగా పట్టుకొన్నది. సాయంత్రం ఇంటికి పోయే ముందు చీర కుచ్చెళ్లు, చెంగు మూడుసార్లు దులుపుకొని గాని వల తలుపు దాటేది కాదు.

ఆమె ఆశ మాత్రం మా అందరి ఆశల కంటె పెద్దది. మా అధికారికి పదవి కావాలి, నాకు పట్టా కావాలి. "శెనక్కాయ వానకు పోతాది, కంది పురుక్కు పోతాది. రెండిట్లో ఒగటన్నా నిలిస్తే మావోళ్లు బెంగుళూరుకు మట్టి మొయ్యను పోరు సార్" అని ఆమె ఒకరోజు గిన్నెలు తుడుస్తూ అన్నది. పరిశోధన ప్రయోజనం గురించి నా సిద్ధాంత వ్యాసంలో పదకొండు పుటలు ఉన్నాయి. అందులో ఇంత మాట లేదు.

సీతాకోకల రెక్కల పొడి గురించి ఇక్కడే చెప్పాలి. పంజరాలలో పురుగు రెక్కలు వచ్చి ఎగిరేటప్పుడు సన్నని పొలుసులు రాలి గాలిలో తేలుతాయి. గాలి ఆడని గదిలో అవి ఎక్కడికీ పోవు. మూడో ఏట ఆమెకు దగ్గు పట్టింది. నాలుగో ఏట పిల్లికూతలు మొదలయ్యాయి. ముక్కుకు కట్టుకొనే మంచి తొడుగులు, గాలి లాగే పంకా కావాలని నేను రాసి ఇచ్చిన కాగితం మీద 'పరిశీలించవచ్చు' అని వచ్చింది. పరిశీలన సాగుతూనే ఉన్నది. ఆమె పాత చీర చింపి ముఖానికి చుట్టుకొన్నది. అలాంటి గదులలో పనిచేసేవారికి ఊపిరితిత్తులు చెడతాయని మా పుస్తకాలలోనే ఉంది. మేము చదివాము.

ఇక నేను దాచిన సంగతి.

రెండువేల సంవత్సరం దాటిన తరువాత మా గాజుగదిలో జన్యువు ఎక్కిన కంది వరుసలు కొన్ని పదులు నిలిచాయి; ఒక్కొక్క వరుసా ఒక్కొక్క మొక్క సంతతి. వాటిలో పదిహేడో వరుస మీద మా అధికారికి గురి. ఆకులో కొత్త మాంసకృత్తు ఉన్నట్టు రసాయన పరీక్షలో తేలింది. పురుగు చస్తుందని పట్టిక పంపితే పొలంలో వేసి చూడడానికి అనుమతి వస్తుంది. గడువు దగ్గర పడింది. ఆ వారమే గుడ్లు కడిగే మందు అయిపోయింది. కడగని గుడ్లతో పరీక్ష పెడితే రోగం అంటుకొంటుంది, వారం ఆగుదామని సుంకమ్మ నాతో అన్నది. నేను అధికారితో అన్నాను. ఆగడానికి వీల్లేదని ఆయన అన్నాడు.

ఐదో రోజు ఉదయం చూస్తే పదిహేడో వరుస ఆకుల మీద వేసిన పురుగులు దాదాపు అన్నీ చచ్చి ఉన్నాయి. మా అధికారి ముఖం వెలిగిపోయింది. నాకూ సంతోషమే. అప్పుడు సుంకమ్మ రెండో పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టింది. జన్యువు ఎక్కించని మామూలు కంది ఆకులవి, పోల్చి చూడడానికి పెట్టినవి. వాటి మీద పురుగులూ చచ్చి ఉన్నాయి. ఒళ్లు మెత్తబడి, చర్మం చిట్లి, నీళ్లు కారి ఉన్నాయి. ఆమె అప్పటికే లెక్క పుస్తకంలో తన వంకర అంకెలతో రాసి ఉంచింది. ఆయన ఆ పళ్లెం వైపు ఒకసారి చూసి, మేత ఎండిపోయినట్టుంది, దీన్ని లెక్కలోకి తీసుకోవద్దు, పోయిన నెల పరీక్షలో మామూలు ఆకుల అంకెలు వేసుకో అని నాతో చాలా మృదువుగా చెప్పి బయటికి వెళ్లిపోయాడు.

కలం తీశాను. సుంకమ్మ నా పక్కనే నిలబడింది.

"ఆకు సూడు సార్," అన్నది. "పదిహేడు ఆకు జల్లెడ మాదిరి తినేసినాయి. మందుండే ఆకయితే కొరికి ఇడిసిపెడతాది గదా. ఇవి కడుపునిండా తిని, రోగమొచ్చి సచ్చినాయి."

తెలుసు అన్నాను. గడువు అన్నాను. తరువాత మళ్లీ పరీక్ష పెట్టి సరిచేద్దాము అన్నాను.

"నాకు ఇత్తనం కావల్ల సార్. కాగితం గాదు."

నేను ఆమె అంకెల మీద అడ్డగీత గీసి, పక్కన వేరే అంకెలు వేశాను. ఆమె చూస్తూనే ఉన్నది. తరువాత రెండు పళ్లేలూ తీసుకొని వెళ్లి, మరిగే నీళ్లలో వేసి, కడిగి, బోర్లించింది. ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. నన్ను అంతకుముందు ఎప్పుడన్నా 'ఏమప్పా సార్' అని సరదాగా పిలిచేది. ఆ తరువాత పిలవలేదు.

ఆ పట్టికతో అనుమతి వచ్చింది. ఆ పట్టికతోనే నాకు పట్టా వచ్చింది.

పదిహేడుకు పల్లకి సిద్ధమవుతున్న ఆ నెలలలోనే సుంకమ్మ మరొకటి కనిపెట్టింది. ముప్పైనాలుగో వరుస. దాని ఆకు తిన్న పురుగు చావదు. బ్రతుకుతుంది, కాని గిడసబారి, పది రోజులకు ఉండవలసిన దానిలో సగం కూడా ఉండదు. రూపం మారే కోశస్థ దశకు చేరినా రెక్కలు సరిగా రావు. నాలుగు పరీక్షలలోనూ అదే జరిగింది. ఈసారి గుడ్లు కడిగినవి, మామూలు ఆకుల మీద పురుగులు నిక్షేపంగా ఉన్నాయి. నేనే స్వయంగా తూచాను. సంతోషంతో అధికారి గదికి పరుగెత్తాను. చచ్చిన పురుగును చూపిస్తే చూస్తారు గాని చిక్కిన పురుగును ఎవరు చూస్తారయ్యా అన్నాడు ఆయన. ఎంతో బ్రతిమాలితే పొలంలో ఒక అంచున ఒక్క సాలు వేయనిచ్చాడు.

ఆ ఏడు ఆశ్వయుజంలో నాలుగు వానలు పడ్డాయి. వల కట్టిన మడిలో కంది ఏపుగా పూసింది. పెద్దలు వచ్చారు, ఫోటోలు తీశారు. ఫోటోలోకి రాకుండా సుంకమ్మను పక్కకు జరగమన్నారు. తరువాత పరీక్ష నియమం ప్రకారం ఆమె పెంచిన ఆరోగ్యమైన పురుగులను మేమే చెట్ల మీద వదిలాము. మూడు వారాలలో పదిహేడో వరుస పొట్టు కూడా మిగలకుండా పోయింది. పక్కన జన్యువు లేని మామూలు కందికీ దానికీ భేదం లేదు. ఆ మాంసకృత్తు ఆకులో ఉన్నది నిజమే, పురుగును చంపేటంత లేదు. అంచున ఉన్న ముప్పైనాలుగు సాలులో మాత్రం చాలా కాయలు నిలిచాయి. సుంకమ్మ కాయ కాయా విప్పి చూపించింది. చూడడానికి వచ్చింది నేనొక్కణ్ణే.

విచారణ జరిగింది. గెలిచిన పరీక్ష పొలంలో ఎందుకు ఓడిందని అడిగారు. ప్రయోగశాలలో పురుగుల పెంపకంలో అపరిశుభ్రత వల్ల రోగం ప్రబలి, తొలి పరీక్షలో పురుగులు అనారోగ్యంతో చచ్చి ఉండవచ్చునని మా అధికారి రాసి ఇచ్చాడు. ఆ ఉదయం ఆమె చెప్పిన మాటే అది. దాన్ని ఆమె మీదికే తిప్పాడు. ఆ విచారణ గదిలో నేనూ ఉన్నాను. నన్ను అడిగారు. పెంపకం సంగతి నేను రోజూ చూడలేదన్నాను. ఆ ఒక్క వాక్యంతో సుంకమ్మ పని పోయింది.

పథకం మూసివేశారు. నియమం ప్రకారం జన్యువు మార్చిన మొక్కలన్నీ పెరికి గుంతలో కాల్చాలి. నిలవ ఉన్న గింజలు కూడా. కూలీలు చాలక, ఆమె ఆఖరి రోజు పని అదే అయింది. పట్టపగలు, ఎండలో, దగ్గుతూ, ఏళ్ల తరబడి తాను కాపాడిన మొక్కలను తానే పెరికి గుంతలో వేసింది. ముప్పైనాలుగు సాలు దగ్గరికి వచ్చేసరికి ఆగింది. గుంత గట్టు మీద నేను నియమాల కాగితం పట్టుకొని నిలబడి ఉన్నాను.

"ఇదొగటి ఇడిసిపెట్టమని రాయండి సార్. గింజ అలమారాలోనే ఉంటాది, యాడికీ పోదు. చిన్నదే గానీ నిజం."

రాయవచ్చు. కేంద్రంలోనే భద్రపరచడానికి ప్రత్యేక అనుమతి అడిగే వీలు ఆ నియమాలలోనే ఉన్నది. ఆ కాగితం రాస్తే, పదిహేడు ఎందుకు అబద్ధమో, ముప్పైనాలుగు ఎందుకు నిజమో రాయాలి. రూల్ ఒప్పుకోదు సుంకమ్మా అన్నాను. ఆమె వంగి పెరకడం మొదలుపెట్టింది. అధికారికి ఆ తరువాత పై పదవి వచ్చింది. నాకు కళాశాలలో ఉద్యోగం వచ్చింది.

కొన్నేళ్ల తరువాత ఒకసారి వెళ్లి సుంకమ్మను చూశాను. సొంత ఊరికి చేరి, వసారాలో గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నది. పడుకొంటే ఊపిరాడదట. మాట మాటకూ నడుమ విరామం. వన్నూరమ్మ నాకు కుర్చీ వేసి కూలికి వెళ్లిపోయింది. సిగ్గు విడిచి అడిగాను, ముప్పైనాలుగు గింజలు నాలుగైనా ఎక్కడన్నా దాచావా అని. దాచి ఉంటే బాగుండునని నా ఆశ. ఆమె నా వైపు వింతగా చూసింది.

"బయటికి పోతే ఏమైతాదో తెల్దని మీరే గదా చెప్పింది. తెల్దన్నప్పుడు ఎట్ల తెస్తాను సార్?" అని, కాస్త ఊపిరి తీసుకొని, "ఆ లెక్క దిద్దినారా?" అన్నది.

ఇంకా లేదు అన్నాను.

"బిన్నా దిద్దండి. ఎవురో పిల్లోడు అది నమ్ముకోని ఇంగో పదేండ్లు పోగొట్టుకుంటాడు."

తన ఉద్యోగం గురించి, తన మీద పడిన మాట గురించి ఒక్క ముక్క అడగలేదు. త్వరగా దిద్దుతాను అని వచ్చేశాను. దిద్దలేదు. ఇది జరిగి రెండేళ్లు.

మస్తాన్ ఫోన్ చేసిన మరునాడు సుంకమ్మ ఊరికి వెళ్లాను. వన్నూరమ్మ దివసాలకు బియ్యం చెరుగుతూ ఉన్నది. కుర్చీ వేయబోతే వద్దన్నాను. చాట పక్కన పెట్టి ఆమె అడిగిన మొదటి మాట ఇది: "మాయమ్మ ఆడ తప్పు చేసినాదని ఊర్లో అందరూ అంటారు సార్. చేసినాదా?"

లేదని చెప్పాను. జరిగినదంతా, అడ్డగీతతో సహా, ఆమెకు అర్థమయ్యే మాటలలో చెప్పాను. తప్పు మాది, ముఖ్యంగా నాది అన్నాను. ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు. చాట మళ్లీ అందుకొన్నది.

"ఈ మాట ఆ ఆఫీసులో చెప్పల్ల గదా సార్. ఈడ చెప్తే ఏమి?"

అందుకే ఇక్కడ రాస్తున్నాను. నా సిద్ధాంత వ్యాసంలోని ఆ పట్టిక అబద్ధం. విశ్వవిద్యాలయానికి ఈ వారమే లేఖ రాశాను. పట్టా వెనక్కి తీసుకొన్నా నాకు అభ్యంతరం లేదు. పురుగుల గదిలో ఆనాడు ఎటువంటి అపరిశుభ్రతా లేదు. ఆ గదిలో పరిశుభ్రంగా ఉన్న మనిషి ఒక్కతే. ఆమె రాసిన అంకెలు సత్యం. వాటిని కొట్టివేసింది నేను. ఆమె పేరు మీద పడిన కళంకాన్ని కేంద్రం తన దస్త్రాల నుంచి తొలగించాలని కోరుతూ మరో లేఖ రాశాను. జవాబు వస్తుందన్న నమ్మకం లేదు.

శాస్త్రం అంటే సత్యనిష్ఠ అని ప్రతి ఏటా నా విద్యార్థులకు మొదటి తరగతిలో చెబుతాను. ఆ నిష్ఠ మూర్తీభవించిన మనిషిని దినకూలిగా పెట్టుకొని, ఊపిరి తీసి, నింద వేసి పంపాము. నిష్కళంకమైన ఆ దృష్టికి, ఒక్క ప్రాణిని కూడా నలపని ఆ చేతికి ఈ ఆలస్యపు అక్షరాలతో ప్రణమిల్లుతున్నాను. ఈ ప్రణామం ఆమె స్వీకరిస్తుందని అనుకోవడం లేదు. బెళుగుప్ప చేలలో ఈ ఏడు కూడా కంది కాయ పట్టింది, పురుగు పడింది. మా పాత కేంద్రంలో ఇప్పుడు కొత్త జన్యువులు ఉన్నాయి, పెద్ద గాజుగదులు ఉన్నాయి, పంకాలు కూడా పెట్టించారు. చచ్చిన పురుగును చూసి అది ఎందుకు చచ్చిందో భయపడకుండా చెప్పే మనిషి మాత్రం లేదు.